సాఫ్ట్‌వేర్ అప్రెంటిస్ అంటే ఉద్యోగమా, చదువా?

డిగ్రీ ఫలితాలు వచ్చే రోజుల్లో, బెంగళూరులో ఉండే మాబోటి వాళ్లకు ఊరి నుంచి ఫోన్లు ఎక్కువవుతాయి. అడిగేది దాదాపు ఒకటే. "ఏమప్పా, మావోనికి ఆడ ఏదో కంపెనీలో అప్రెంటిస్ అని వచ్చిందంట. నెలకి తొమ్మిది వేలో పది వేలో ఇస్తారంట. అది ఉద్యోగమేనా? పంపమంటావా, వద్దంటావా?" అనంతపురం నుంచో మదనపల్లె నుంచో అడిగే ఆ తండ్రికి ఒక్క ముక్కలో జవాబు చెప్పడం కుదరదు. నేర్చుకుంటూ పని చేయడం అనే పేరుతో ఈ ఊళ్లో నాలుగు రకాల ఏర్పాట్లు నడుస్తున్నాయి. డబ్బు ఎవరు ఎవరికిస్తారు, చట్టం ఆ పిల్లవాడిని ఏమని పిలుస్తుంది, చివర్లో చేతిలో ఏం మిగులుతుంది అనేవి నాలుగింటిలోనూ వేరు.

ముందు ఆ చిక్కు విప్పుకోవాలి. అసలు విషయం మాత్రం అది దాటాక ఉంది: ఏడాది పొడుగునా ఆ పిల్లవాడు రాసిన కోడ్ ఎవరు చదువుతారు? నన్నడిగితే అప్రెంటిస్‌షిప్ మంచిదా చెడ్డదా అని తేల్చేది జీతం కాదు, కంపెనీ పేరు కాదు, ఈ ప్రశ్నకు దొరికే జవాబే.

ఏది ఏమిటి

మొదటి రకంలో మనమే ఎదురు డబ్బు కట్టి నేర్చుకుంటాం. మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ వీధుల్లో ఏ బిల్డింగ్ చూసినా జావా ఫుల్ స్టాక్, పైథాన్, డేటా సైన్స్ బోర్డులు కనిపిస్తాయి. వాటి కిందే ఇంటర్న్‌షిప్ సర్టిఫికెట్ ఇస్తామని ఇంకో లైను. అమీర్‌పేట చూసినవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. పాఠం బాగా చెప్పేవాళ్లు వీటిలో ఉన్నారు, కాదనను. కానీ అక్కడ తయారయ్యే ప్రాజెక్టును వాడే మనిషంటూ ఎవరూ ఉండరు. అది పనిచేయకపోయినా ఎవరి పనీ ఆగదు. కాబట్టి అది కోర్సు. ఫీజు కట్టి చేరమనే చోటు ఏదైనా దాన్ని కోర్సు కిందే లెక్కేసుకోవాలి. ఇంకా కొందరు కన్సల్టెన్సీ పేరుతో పెద్ద మొత్తం తీసుకుని, దొంగ ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఇచ్చి బ్యాక్ డోర్‌లో పెట్టిస్తామంటారు. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో బయటపడితే ఆ ఉద్యోగం పోతుంది, తర్వాతి కంపెనీలోనూ ఆ ప్రశ్నే ఎదురవుతుంది. దయచేసి ఆ దారిలో పిల్లల్ని పంపకండి.

రెండోది ఇంటర్న్‌షిప్. చదువు ఇంకా నడుస్తుండగా రెండు మూడు నెలలో, ఆఖరి సెమిస్టరో కంపెనీలో గడపడం. నచ్చితే అక్కడే ఉద్యోగం ఇస్తారు, లేకపోతే కాలేజీకి రిపోర్టు ఇచ్చుకుని వచ్చేస్తారు.

మూడోది ట్రైనీ. పెద్ద సర్వీస్ కంపెనీలు క్యాంపస్‌లో తీసుకునే ఫ్రెషర్లు ఎక్కువగా ఈ కోవలోకే వస్తారు. ఆఫర్ లెటర్‌లో సీటీసీ (ఏడాదికి కంపెనీ పెట్టే మొత్తం ఖర్చు) ఉంటుంది. మొదటి కొన్ని నెలలు క్లాసులు, వాటి మీద పరీక్షలు, పాసైతే ప్రాజెక్టు. పాస్ కాకపోతే ఏమవుతుందో 2025 ఫిబ్రవరిలో అందరికీ తెలిసింది. ఇన్ఫోసిస్ మైసూరు క్యాంపస్ నుంచి మూడు వందల మందికి పైగా ట్రైనీలను పంపేశారు. మూడుసార్లు అవకాశం ఇచ్చినా అంతర్గత పరీక్ష పాస్ కాలేదని కంపెనీ చెప్పింది. ఆ సంఖ్యనూ, పంపిన పద్ధతినీ ఐటీ ఉద్యోగుల సంఘం తప్పుబట్టింది. ఎవరిది న్యాయం అన్నది పక్కన పెడితే, ట్రైనీ దశలో ప్రధానమైనది పరీక్ష అని గుర్తుపెట్టుకోవాలి. అక్కడ నేర్చుకోవడం తరగతి గదిలో జరుగుతుంది, పని తర్వాత వస్తుంది.

నాలుగోది అసలు అప్రెంటిస్. 1961 నాటి అప్రెంటిస్ చట్టం కింద, కంపెనీకీ అభ్యర్థికీ మధ్య ఒప్పందం రాసుకుని, ప్రభుత్వ పోర్టల్‌లో రిజిస్టర్ చేసి మొదలుపెట్టేది. ఇక్కడ క్లాసు తక్కువ, పని ఎక్కువ. మొదటి నెల నుంచే నిజమైన టీమ్‌లో కూర్చుని, నిజంగా జనం వాడే సాఫ్ట్‌వేర్ మీద చెయ్యి వేస్తారు.

చట్టం ఏం చెబుతుంది

ఆ చట్టం చేసినప్పుడు ప్రభుత్వం మనసులో ఉన్నది ఫిట్టర్లు, టర్నర్లు, ఎలక్ట్రీషియన్లు. 1973 సవరణతో ఇంజనీరింగ్ డిగ్రీ, డిప్లొమా చేసినవాళ్లు అందులోకి వచ్చారు. 2014 సవరణతో ఇంజనీరింగ్ కాని డిగ్రీలకూ చోటు దొరికింది. బీఎస్సీ కంప్యూటర్స్, బీసీఏ చేసిన మన పిల్లలు సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో గ్రాడ్యుయేట్ అప్రెంటిస్‌లుగా చేరగలుగుతున్నారంటే కారణం అదే. 2019లో మార్చిన నిబంధనల ప్రకారం 30 మంది, అంతకు మించి పనిచేసే సంస్థ తన సిబ్బందిలో 2.5 శాతం నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. అంతకన్నా చిన్న సంస్థలకు ఇది వాటి ఇష్టం.

స్టైపెండ్ విషయానికొస్తే, అదే 2019 నిబంధనల్లో డిగ్రీ వాళ్లకు నెలకు కనీసం 9,000, డిప్లొమా వాళ్లకు 8,000 రూపాయలని పెట్టారు. దీన్ని 36 శాతం పెంచాలని 2025 మేలో కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ సిఫార్సు చేసింది. విద్యాశాఖ నడిపే నాట్స్ పథకం కింద చేరితే ఆ కనీస మొత్తంలో సగం, అంటే 9,000 లెక్కన గ్రాడ్యుయేట్‌కు 4,500, కేంద్రమే భరిస్తుంది. నైపుణ్య శాఖ నడిపే న్యాప్స్ పథకంలో ఆ వాటా పావు వంతు, నెలకు 1,500 దాటకుండా. రెండూ కేంద్ర పథకాలే, పేర్లు కూడా దగ్గరగా ఉంటాయి కాబట్టి చాలామంది కలిపేసుకుంటారు. మీ ఒప్పందం ఏ పోర్టల్‌లో ఉందో చూసుకుంటే తేలిపోతుంది. నాట్స్‌కు సంబంధించి ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటకలతో సహా దక్షిణాది అంతటినీ చూసే బోర్డు చెన్నై తరమణిలో ఉంది. ఏడాది పూర్తి చేసినవాళ్లకు ప్రావీణ్య పత్రం ఇచ్చేది ఆ బోర్డే.

చట్టం దృష్టిలో అప్రెంటిస్ కార్మికుడు కాదు, శిక్షణ పొందుతున్న మనిషి. మిగతావన్నీ దీన్నుంచే వస్తాయి. చేతికొచ్చేది జీతం అనిపించుకోదు, పీఎఫ్ ఉండదు. ఏడాది తర్వాత ఉద్యోగం ఇచ్చి తీరాలన్న నియమమూ లేదు. అప్రెంటిస్‌లను ఉద్యోగంలోకి తీసుకునే విషయంలో ప్రతి కంపెనీ తన విధానం తాను రాసుకోవాలని మాత్రం ఉంది. చేరేముందు ఆ విధానం ఏమిటని అడగడం మన హక్కు. శిక్షణ అయ్యాక ఇన్నాళ్లు మా దగ్గరే చేయాలని ఒప్పందంలో రాసుకుంటే, తగిన ఉద్యోగం ఇవ్వాల్సిన బాధ్యత కంపెనీ మీదా పడుతుంది. బాండ్ అనగానే మన కట్టుబాటే గుర్తొస్తుంది కానీ, ఈ చట్టం కింద అది రెండు వైపులా పనిచేస్తుంది.

ఇక్కడే ఒక మోసం కూడా ఉంది. ఎక్కడా రిజిస్టర్ చేయకుండా, ఊరికే లెటర్ మీద అప్రెంటిస్ అని రాసి, ఉద్యోగి పని చేయించుకుని, పీఎఫ్ లేదు పొమ్మనేవాళ్లు ఉన్నారు. పీఎఫ్ చట్టం మినహాయింపు ఇచ్చింది అప్రెంటిస్ చట్టం కింద చేరినవాళ్లకు, లేదా సంస్థ స్టాండింగ్ ఆర్డర్ల (రాతపూర్వక పని నియమాల) కింద ఉన్నవాళ్లకు మాత్రమే. కాబట్టి పోర్టల్‌లో ఒప్పందం నంబరు లేకుండా ఎవరైనా మిమ్మల్ని అప్రెంటిస్ అంటే వెంటనే ఆ నంబరు అడగాలి. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోవాలి. దగ్గరే పెట్టుకుంటామంటే అక్కడ చేరే ముందు పదిసార్లు ఆలోచించాలి.

ఈ చట్టంలో ఇంకో రెండు మాటలు ఫ్యాక్టరీ కోసం రాసినవే అయినా సాఫ్ట్‌వేర్‌కు అతికినట్టు సరిపోతాయి. ఒకటి, అప్రెంటిస్‌షిప్ సలహాదారు (ఈ చట్టం అమలు చూసే ప్రభుత్వ అధికారి) అనుమతి లేకుండా అప్రెంటిస్‌తో ఓవర్‌టైమ్ చేయించకూడదు. అది శిక్షణకో ప్రజలకో పనికొస్తుందని నమ్మితేనే ఆయన అనుమతి ఇవ్వాలి. రాత్రి రిలీజ్ ఉంది, అందరూ ఉండాలి అని కుర్రాళ్లను అర్ధరాత్రి దాకా కూర్చోబెట్టే మేనేజర్లు ఈ మాట ఒకసారి చదవాలి. రెండు, ఎంత పని చేస్తే అంత డబ్బు అనే లెక్కన అప్రెంటిస్‌కు చెల్లించకూడదు, ఉత్పత్తిని బట్టి ఇచ్చే బోనస్ పోటీల్లోకి లాగకూడదు. ఎందుకో ఆలోచిస్తే అర్థమవుతుంది. నెలకు ఎన్ని టికెట్లు (ఒక్కో పనికీ, లోపానికీ పెట్టే నమోదు) మూశావన్నదే కొలత అయితే ఎవరూ నేర్చుకోవడానికి ఆగరు. తెలిసిన పనినే మళ్లీ మళ్లీ చేసి అంకె పెంచుకుంటారు. శిక్షణలో ఉన్నవాడి మీద ఆ ఒత్తిడి వద్దనే ఆ మాట పెట్టారు.

తొమ్మిది వేలతో బెంగళూరులో

చట్టం ఇచ్చిన కనీస స్టైపెండ్ ఈ ఊళ్లో ఎంతకొస్తుందో దాచిపెట్టి మాట్లాడడం నాకు ఇష్టం లేదు. మారతహళ్లిలోనో ఎలక్ట్రానిక్ సిటీలోనో తెలుగువాళ్లు నడిపే పీజీలో ముగ్గురు షేరింగ్‌కే దానిలో ఎక్కువ భాగం పోతుంది. మిగిలిన దాంట్లో రాకపోకలు, ఫోను, టిఫిన్లు. పర్పుల్ లైన్ వైట్‌ఫీల్డ్ దాకా, ఎల్లో లైన్ ఎలక్ట్రానిక్ సిటీ మీదుగా బొమ్మసంద్ర దాకా వచ్చాక తిరగడం సులువైంది కానీ చౌక అయిందని చెప్పలేను. కొన్ని కంపెనీలు కనీసం కంటే బాగా ఎక్కువ ఇస్తున్నాయి, నిజమే. అలా ఇవ్వనిచోట మాత్రం ఇంటి నుంచి డబ్బు పంపితే తప్ప ఏడాది నడవదు. ఇంట్లో ఆ వెసులుబాటు లేని పిల్లలు, ఎంత తెలివైనవాళ్లయినా, ఇరవై వేలు ఇచ్చే కాల్ సెంటర్‌కో డెలివరీ పనికో వెళ్లిపోతున్నారు. ఇది నన్ను నిజంగా బాధపెట్టే విషయం. నేర్చుకునే అవకాశం నేర్చుకోవాలన్న ఆసక్తిని బట్టి కాకుండా నాన్న పంపగలిగే డబ్బును బట్టి అందుతోంది.

దీనికి వేరే దారి ఉందని చెన్నైలో జోహో చూపించింది. 2005లో మొదలైన వాళ్ల స్కూల్లో ఇంటర్, డిప్లొమా చేసిన పిల్లలను తీసుకుంటారు. ఫీజు లేదు, పైగా నెలకు పది వేలు ఇచ్చి రెండేళ్లు నేర్పుతారు. డిగ్రీ అడగకుండా, డబ్బు అడగకుండా పల్లె పిల్లలతో సాఫ్ట్‌వేర్ రాయించవచ్చని ఇన్నేళ్లుగా కళ్ల ముందు కనిపిస్తోంది. బెంగళూరులో ఇంతకన్నా ఎక్కువ సంపాదించే కంపెనీలున్నాయి. అవి ఈ పని ఎందుకు చేయవో నాకు అర్థం కాదు.

ఒక చిన్న టికెట్ కథ

ఇప్పుడు మొదట చెప్పిన మాటకొస్తాను. కోడ్ ఎవరు చదువుతారు అన్నది ఎందుకంత ముఖ్యమో మా టీమ్‌లో జరిగిన చిన్న పనితో చెబుతాను.

నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒక అమ్మాయి మా దగ్గర అప్రెంటిస్. ఆమెకు వచ్చిన టికెట్ ఇది: "లాస్ట్ నేమ్‌లో ఒక్క అక్షరం ఇస్తే ఫారం ముందుకు పోవడం లేదు." మన వైపు వాళ్లకు ఈ బాధ వివరించక్కర్లేదు. ఎంతోమందికి పదో తరగతి మెమోలో ఇంటిపేరు ఒక్క ఇనీషియల్‌గానే ఉంటుంది, ఆధార్‌లోనూ అలాగే పడుతుంది. ఢిల్లీలోనో అమెరికాలోనో కూర్చుని ఫారం తయారుచేసినవాళ్లకు లాస్ట్ నేమ్ అంటే కనీసం రెండక్షరాలైనా ఉండాలనిపిస్తుంది.

ఆమె ఫారం కోడ్ తెరిచింది. కనీసం రెండక్షరాలు అన్న షరతు కనిపించింది. రెండును ఒకటి చేసింది. తన కంప్యూటర్‌లో నడిపి చూసింది, ఫారం ముందుకు పోయింది. పుల్ రిక్వెస్ట్ (నా మార్పు చూసి అసలు కోడ్‌లో కలపండి అనే వినతి) పెట్టేసింది. మార్చింది ఒక్క లైను.

రివ్యూ చేసిన సీనియర్ దాన్ని తప్పు అనలేదు, అప్రూవ్ కూడా చేయలేదు. మూడు ప్రశ్నలు రాశాడు. బ్రౌజర్‌లో షరతు మార్చావు, సర్వర్ వైపు ఇదే షరతు ఇంకోసారి ఉందేమో చూశావా? ఈ రెండక్షరాల నియమం ఎవరు, ఎప్పుడు, ఎందుకు పెట్టారో గిట్ (కోడ్‌లో ప్రతి మార్పునూ నమోదు చేసే సాధనం) చరిత్రలో వెతికావా? ఒక్క అక్షరం పేరుతో ఈ రికార్డు ఇక్కడి నుంచి ఎక్కడెక్కడికి పోతుంది?

మొదటి ప్రశ్నకు జవాబు తొందరగానే దొరికింది. సర్వర్‌లోనూ షరతు ఉంది. తన కంప్యూటర్‌లో ఆమె నడిపింది పరీక్షించడానికి పెట్టుకున్న ఉత్తుత్తి సర్వర్‌తో కాబట్టి అది తగల్లేదు. రెండో ప్రశ్న దగ్గర కథ మారింది. కొన్నేళ్ల కిందట ఎవరో పెట్టిన కమిట్‌లో (గిట్‌లో నమోదైన మార్పులో) రెండు వాక్యాల వివరణ ఉంది. కేవైసీ సరిచూసే బయటి సంస్థ అప్పట్లో ఒక్క అక్షరం లాస్ట్ నేమ్‌ను తిప్పికొట్టేది, అందుకే మన దగ్గరే ఆపేశామని. అంటే ఆమె మార్పు అలాగే లోపలికి వెళ్లి ఉంటే ఫారం దగ్గర ఆగే మనిషి మరో మెట్టు ముందుకెళ్లి ఆగేవాడు. రాత్రి నడిచే బ్యాచ్‌లో అతని దరఖాస్తు తిరస్కారమయ్యేది. అతనికి కారణం తెలిసేది కాదు, సపోర్ట్‌లో ఉన్నవాళ్లకూ తెలిసేది కాదు.

ఆ తర్వాత ఆమె ఆ బయటి సంస్థతో వ్యవహరించే టీమ్‌ను అడిగింది. ఇప్పుడు వాళ్లు ఒక్క అక్షరం తీసుకుంటున్నారని తేలింది. అప్పుడు మార్పు చేసి, కోడ్‌ను సరిచూసే పరీక్షలు రాసింది: ఒక్క అక్షరం, అక్షరం పక్కన చుక్క, మధ్యలో ఖాళీ, ఏమీ లేకుండా. చివరిది రాస్తున్నప్పుడు ఆమెకే ఇంకో ప్రశ్న వచ్చింది. ఇంటిపేరే లేనివాళ్ల సంగతేమిటి? ఒక్క పేరుతో బతికేవాళ్లు దేశంలో ఎంతమంది లేరు? అది ప్రోగ్రామర్ ఒక్కరే తేల్చే విషయం కాదు కనుక ప్రొడక్ట్ మేనేజర్ దగ్గరికి వెళ్లింది, దానికి వేరే టికెట్ పడింది. మొత్తం వారం పట్టింది. చివరికి మారిన కోడ్ పట్టుమని పది లైన్లు లేదు.

ఏ కోర్సులోనూ ఈ వారం దొరకదు. కోర్సులో షరతు ఎలా రాయాలో చెబుతారు. ఒక షరతు వెనక ఎవరో ఒకరి అవసరం ఉంటుందని, అది తీసే ముందు ఆ అవసరం తీరిపోయిందో లేదో కనుక్కోవాలని చెప్పరు. చెప్పినా మనసుకు పట్టదు. సొంతంగా పెట్టిన కోడ్ ఆగిపోయి, ఎందుకు ఆగిందో తానే తవ్వుకుంటే పడుతుంది. సీనియర్ జవాబు చెప్పకుండా ప్రశ్న రాయడంలో ఉన్న ఓపిక ఇదంతా జరగడానికి కారణం. ఆయన తానే చేసుకుని ఉంటే పూట పని.

ఒకరు రాసిన ప్రోగ్రామును ఇంకొకరు పద్ధతిగా చదివి తప్పులు పట్టడం కొత్త ఆచారమేమీ కాదు. ఐబీఎంలో పనిచేసిన మైకేల్ ఫేగన్ 1976లోనే దాన్ని ఒక క్రమంగా రాసి ప్రచురించాడు. అప్పట్లో కాగితాల మీద, మీటింగ్ గదిలో. 2005లో గిట్, ఆ తర్వాత కోడ్ పంచుకునే గిట్‌హబ్ వెబ్‌సైట్ వచ్చాక అదే పని పుల్ రిక్వెస్ట్ కింద కామెంట్ల రూపంలోకి మారింది. తప్పులు పట్టుకోవడానికి పుట్టిన ఈ పద్ధతి, నేర్పడానికి ఇంకా ఎక్కువ పనికొస్తోంది. నా అనుభవంలో కొత్తవాళ్లు నేర్చుకునేదాంట్లో సగానికి పైగా అక్కడే ఉంటుంది.

అది చెడిపోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి, రెండు నిమిషాల్లో "లుక్స్ గుడ్" అని కొట్టి వదిలేయడం. రెండోది, "ఇటివ్వు, నేను చేసేస్తా" అనడం. రెండోది దయలా కనిపిస్తుంది కాబట్టి ఇంకా ప్రమాదం. ఆ పిల్లవాడు ఏడాదంతా మంచి మనుషుల మధ్యే ఉంటాడు, ఏమీ రాకుండా బయటికి వస్తాడు.

అడగడానికి భయం

తెలుగు మీడియంలో చదివి, జిల్లా కాలేజీలో డిగ్రీ చేసి వచ్చినవాళ్లకు మొదటి నెలల్లో కోడ్ కంటే మాట్లాడటం కష్టం. పొద్దున స్టాండప్‌లో (టీమ్ రోజూ పెట్టుకునే చిన్న మీటింగ్‌లో) ఇంగ్లిష్, కాఫీ దగ్గర హిందీ, క్యాబ్‌లో కన్నడ. నిన్న ఏం చేశావంటే మూడు ముక్కలు చెప్పి కూర్చుంటారు. పని ఆగిపోయి ఉంటుంది, కానీ డౌట్ అడిగితే ఇంత కూడా రాదా అనుకుంటారేమోనని ఊరుకుంటారు. అలా రెండు మూడు రోజులు గడిచిపోతాయి. తెలుగు సీనియర్ ఎవరైనా ఉంటే భోజనం దగ్గర గుట్టుగా అడుగుతారు. అది మంచిదే, ఆ సాయం నేనూ చేస్తాను. అయితే అక్కడితో ఆగితే నష్టం. నిర్ణయాలన్నీ అందరూ ఉన్న గ్రూపులో రాసేవాటి మీదే జరుగుతాయి, పేరు కూడా అక్కడే తెలుస్తుంది.

డౌట్ ఎలా అడగాలో నేర్పితే ఈ భయం చాలావరకు పోతుంది. ఏం జరగాలనుకున్నాను, ఏం జరిగింది, ఇప్పటిదాకా ఏమేం చూశాను. ఈ మూడూ రాసి పెడితే అది చేతకానితనంలా కనిపించదు, పనిలా కనిపిస్తుంది. రాస్తుండగానే సగం డౌట్లు విడిపోతాయి కూడా. అరగంట సొంతంగా ప్రయత్నించి, తర్వాత మొహమాటపడకుండా అడగమని నేను కొత్తవాళ్లకు చెబుతాను. కానీ అడిగినవాడిని కసురుకునే టీమ్‌లో ఈ సలహాలేవీ పనిచేయవు. అది కొత్తవాడి లోపం కాదు.

టీమ్ ఎలాంటిదో పొరపాటు జరిగిన రోజు తెలుస్తుంది. 2017 జనవరి 31న గిట్‌ల్యాబ్ కంపెనీలో రాత్రి పొద్దుపోయేదాకా పనిచేసిన ఒక ఇంజనీర్, ఒక సర్వర్‌లో తుడిచేయాల్సిన డేటాబేస్ ఫోల్డర్‌ను పొరపాటున అసలు సర్వర్‌లో తుడిచేశాడు. ఆపేలోపు సుమారు మూడు వందల జీబీలో నాలుగున్నర జీబీ మిగిలింది. బ్యాకప్‌లు చూస్తే ఉన్న పద్ధతుల్లో ఒక్కటీ సరిగా పనిచేయడం లేదు. అదృష్టవశాత్తు ఆరు గంటల ముందు తీసిన ఒక కాపీ దొరికింది. కంపెనీ ఆ మనిషిని బలి చేయలేదు. బాగుచేసే పనినంతా యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించి, తర్వాత ఎక్కడెక్కడ ఏర్పాట్లు విఫలమయ్యాయో వివరంగా రాసి అందరికీ పెట్టింది. సమస్య అతని వేలు కాదు, బ్యాకప్ పనిచేస్తోందో లేదో ఎవరూ సరిచూడకపోవడం. అప్రెంటిస్‌కు ఇంతకంటే మంచి పాఠం లేదు. ఇలా రాసిపెట్టే అలవాటున్న కంపెనీలో కొత్తవాళ్లు ధైర్యంగా పనిచేస్తారు. ఎవడు చేశాడ్రా అని మొదట అడిగే చోట తప్పులు దాచడం నేర్చుకుంటారు.

కంపెనీలు ఎందుకు వెనకాడతాయి

ఇంత తెలిసినా మంచి అప్రెంటిస్‌షిప్‌లు తక్కువ. కారణం డబ్బు అనుకుంటారు. తొమ్మిది వేలు, అందులోనూ నాట్స్ కింద సగం ప్రభుత్వానిది, ఏ సాఫ్ట్‌వేర్ కంపెనీకీ ఖర్చే కాదు. అసలు ఖర్చు సీనియర్ సమయం. పైన చెప్పిన టికెట్‌లో మా సీనియర్ పూటలో అయ్యే పనికి వారమంతా విడతలవారీగా టైమ్ ఇచ్చాడు. అతని స్ప్రింట్‌లో (కొద్ది వారాలకోసారి వేసుకునే పని ప్లాన్‌లో) అది ఎక్కడా కనిపించదు. అప్రైజల్‌లో ఎవరూ అడగరు. చట్టం స్టైపెండ్ ఎంతో చెప్పింది, ఎంత శాతం మందిని తీసుకోవాలో చెప్పింది. నేర్పేవాడి గంటల గురించి, కంపెనీ లెక్కల్లో వాటిని ఎలా చూపాలో మాత్రం ఎవరికీ పట్టలేదు. దాంతో రెండున్నర శాతం లెక్క సరిపెట్టడానికి అప్రెంటిస్‌లను తీసుకుని, ఏడాదంతా ఎక్సెల్ షీట్లు నింపించడం, ఒకే స్క్రీన్‌ను చేత్తో టెస్ట్ చేయించడం జరుగుతోంది. కాగితం మీద అది అప్రెంటిస్‌షిప్పే. సర్టిఫికెట్ కూడా వస్తుంది.

నేను మేనేజర్లకు చెప్పేది ఒక్కటే. అప్రెంటిస్‌ను చూసే సీనియర్‌కు పని తగ్గించండి, ఆ తగ్గింపును ప్లాన్‌లో రాయండి. తీరిక దొరికినప్పుడు చూస్తాలే అనుకుంటే ఆ తీరిక ఎప్పటికీ దొరకదు.

ఏఐ వచ్చాక

2021లో కోడ్ రాసిపెట్టే ఏఐ గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినప్పటి నుంచి ఈ వెనకాడటం ఇంకా పెరిగింది. చిన్న చిన్న పనులు మెషిన్ చేసేస్తుంటే కొత్తవాడు ఎందుకు అన్న మాట మీటింగుల్లో వినిపిస్తోంది. టైలర్ షాపులో కుర్రాడు మొదట కాజాలు, గుండీలు కుట్టి, ఆ చేత్తోనే బట్ట తీరు తెలుసుకుని, తర్వాత కత్తెర పడతాడు. కాజాల మెషిన్ వచ్చిందని కుర్రాడిని మానిపిస్తే, రేపు కత్తిరించేవాడు ఎక్కడి నుంచి వస్తాడు? సాఫ్ట్‌వేర్‌లో ఇప్పుడు ఈ ప్రశ్న మీదే మేం తలలు పట్టుకుని ఉన్నాం.

ఆ లాస్ట్ నేమ్ టికెట్‌నే ఏఐకి ఇస్తే రెండును ఒకటి చేసి క్షణంలో ఇస్తుంది. అడిగితే సర్వర్ షరతు కూడా పట్టుకుంటుంది, పరీక్షలు రాస్తుంది. బయటి సంస్థ ఇప్పుడు ఒక్క అక్షరం తీసుకుంటోందో లేదో కనుక్కోవాలంటే మాత్రం ఎవరో ఒకరు ఇంకొకరికి ఫోన్ చేయాలి. ఆ ఫోన్ చేయాలన్న ఆలోచన రావాలి. ఆ ఆలోచన చిన్న టికెట్లు చేసిన అనుభవంలోంచే వస్తుంది. అందుకని మా టీమ్‌లో ఏఐని వద్దనలేదు. ఒక నియమం పెట్టుకున్నాం: నీ పేరుతో పెట్టిన ప్రతి లైనూ ఎందుకుందో రివ్యూలో నువ్వే చెప్పాలి. చెప్పలేకపోతే అది తీసేసి, అర్థమైనంత మేరకే మళ్లీ పెట్టాలి. మొదట్లో పని నెమ్మదిస్తుంది. కొన్ని నెలలకు ఏఐ ఇచ్చిన కోడ్‌లో తప్పును వాళ్లే పట్టుకోవడం మొదలుపెడతారు.

చేరేముందు, చేరాక

ఇంటర్వ్యూ చివర్లో మీరేమైనా అడుగుతారా అంటారు. మొహమాటపడకుండా అడగండి. నా కోడ్ ఎవరు రివ్యూ చేస్తారు, ఆయనకు ఇంకెంతమంది జూనియర్లు ఉన్నారు? మొదటి నెలలో నాకు ఎలాంటి టికెట్లు వస్తాయి? పోయిన బ్యాచ్ అప్రెంటిస్‌లు ఇప్పుడు ఎక్కడున్నారు, వాళ్లలో ఒకరితో మాట్లాడొచ్చా? హెచ్‌ఆర్ "అన్నీ చూసుకుంటాం" అంటే అది జవాబు కాదు. టీమ్ లీడ్ ఒక మనిషి పేరు చెప్పి, ఆయన వారంలో ఫలానా సమయం మీకోసం పెట్టుకుంటాడని చెబితే, స్టైపెండ్ కాస్త తక్కువైనా ఆ కంపెనీనే ఎంచుకోమంటాను. ఇంట్లో పరిస్థితి అనుమతిస్తేనే సుమా.

చేరాక మూడు నెలలు దాటినా ఒక్క పుల్ రిక్వెస్ట్ కూడా పెట్టలేదంటే మేనేజర్‌కు మెయిల్ రాయాలి. మెయిలే, నోటిమాట కాదు. ఒప్పందంలో రాసుకున్న శిక్షణ ఏమిటి, చేస్తున్న పని ఏమిటి అని మర్యాదగా పక్కపక్కన పెట్టి చూపించాలి. మార్పు రాకపోతే పోర్టల్ ద్వారా బోర్డుకు ఫిర్యాదు చేసే వీలుంది.

ఇంకో పని మొదటి రోజు నుంచే చేయాలి. కంపెనీ కోడ్ కంపెనీదే, దాన్ని సొంత గిట్‌హబ్‌లోకి కాపీ చేస్తే ఉద్యోగం పోవడంతో పాటు కేసు దాకా వెళ్లొచ్చు. కానీ ఏ సమస్య వచ్చింది, ముందు ఏమనుకున్నాను, రివ్యూలో ఏ ప్రశ్న ఎదురైంది, చివరికి ఎలా తేలింది అన్నవి కస్టమర్ల పేర్లు, లోపలి వివరాలు లేకుండా సొంత మాటల్లో ఒక నోట్‌బుక్‌లో రాసుకోవచ్చు. నంద్యాల అమ్మాయి వేరే కంపెనీ ఇంటర్వ్యూకి వెళ్లినప్పుడు చూపించడానికి కోడ్ ఏమీ లేదు. మీరు చేసిన పని ఒకటి చెప్పండి అంటే ఆ లాస్ట్ నేమ్ టికెట్ చెప్పింది. అడిగేవాళ్లు దాని మీదే ముప్పావుగంట మాట్లాడారట.